యూనిట్ టెస్టులన్నీ పాసయ్యాక కాశీబుగ్గలో ఖాళీ చీటీ ఎందుకొచ్చింది?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో జీడి పిక్కలు కొనే ఒక వ్యాపారి కోసం మీరు పైథాన్‌లో కమాండ్‌లైన్ ప్రోగ్రాం (కమాండు టైపు చేసి నడిపేది) రాశారు. ఆ రోజు తూకాల ఫైలు ఇస్తే రైతు పేరు, బరువు, తరుగు, చెల్లించాల్సిన సొమ్ముతో చీటీలు తీస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో 64 యూనిట్ టెస్టులూ (ఒక్కో ఫంక్షన్‌ను విడిగా పరీక్షించేవి) పాసయ్యాయి. షాపులోని విండోస్ కంప్యూటర్లో చేత్తో నడిపితే తెర మీద పేర్లు, లెక్కలు చక్కగా కనిపించాయి. కమాండ్లు వరసగా రాసి పెట్టిన బ్యాచ్ ఫైలు నుంచి నడిపితే మాత్రం ఖాళీ కాగితం ప్రింటయింది. కాటా దగ్గర రైతులు నిలబడి ఉండగా వ్యాపారి మిమ్మల్ని అడిగిన మాట, "రేపు మళ్లీ ఇలా అవదని ఏటి నమ్మకం?" ప్రోగ్రాంను షాపులో వాడినట్టే, మొత్తంగా, మనిషి కూర్చోకుండా పరీక్షించే పద్ధతి ఏమిటని మీరు అడుగుతున్నారు.

నేను విజయనగరంలో ఉంటాను. కమాండ్‌లైన్ ప్రోగ్రాంలు రాయడం, ఇతరులు రాసినవి పరీక్షించడం చాలా ఏళ్లుగా నా పని. మీ సమస్యలో ప్రతి ముక్కా నాకు ఎప్పుడో ఒకప్పుడు తగిలిందే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఖాళీ చీటీ సంగతి. విండోస్‌లో పైథాన్ తన అవుట్‌పుట్‌ను నేరుగా కన్సోల్ తెర మీద రాస్తున్నప్పుడు, అన్ని భాషల అక్షరాలూ ఉన్న యూనికోడ్‌లోనే రాస్తుంది. 3.6 వెర్షన్ నుంచి అంతే. అదే అవుట్‌పుట్‌ను ఫైల్లోకో పైపులోకో (అంటే ఇంకో ప్రోగ్రాంకి) మళ్లిస్తే, ఆ కంప్యూటర్ పాత కోడ్‌పేజీని, అంటే ఏ అక్షరానికి ఏ సంఖ్యో చెప్పే పట్టికను తీసుకుంటుంది. మన దగ్గర అమ్మే విండోస్ మెషీన్లలో అది మామూలుగా 1252. అందులో తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. మొదటి రైతు పేరు దగ్గరే ప్రోగ్రాం ఎన్‌కోడింగ్ ఎర్రర్‌తో పడిపోయి ఉంటుంది. అవుట్‌పుట్‌ను మళ్లించే గుర్తు పెట్టినప్పుడు కమాండ్ షెల్, మీ ప్రోగ్రాం మొదలవ్వకముందే ఆ ఫైలును ఖాళీగా సృష్టించి పెడుతుంది. ప్రోగ్రాం పడిపోయినా ఆ ఖాళీ ఫైలు అలాగే ఉంది. బ్యాచ్ ఫైల్లో తర్వాతి వరుస ప్రింటు కమాండు. పై వరుస గెలిచిందో ఓడిందో చూడమని దానికి ఎవరూ చెప్పలేదు. అది ఖాళీ ఫైలును ప్రింటరుకి పంపేసింది.

మీ 64 టెస్టులు దీన్ని ఎందుకు పట్టుకోలేదు? అవి ఫంక్షన్లను లోపలి నుంచి పిలిచాయి. ప్రింటు చేసేవాటిని కూడా, టెస్టులు నడిపే పైటెస్ట్ తన సొంత పాత్రలో పట్టుకుంటుంది, ఆ పాత్ర యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) పాత్ర. షాపులో అవుట్‌పుట్ వెళ్లే దారి వేరు. మీ లెక్క సరైనదే. ఆ లెక్క బయటికొచ్చి వ్యాపారి చేతిలో పడే దారిని మాత్రం ఎవరూ నడిచి చూడలేదు.

మీ వ్యాపారి దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటాను తూనికలు కొలతల శాఖవాళ్లు పరీక్షించడం చూసే ఉంటారు. ప్రమాణ తూకపురాళ్లు పళ్లెం మీద పెడతారు, తెర మీద అంకె చూస్తారు, సరిపోతే ముద్ర వేస్తారు. లోపలి సర్క్యూట్ ఎవరు చేశారని అడగరు. రైతు తన బస్తా పెట్టేదీ ఆ పళ్లెం మీదే, చూసేదీ ఆ అంకెనే కాబట్టి పరీక్ష కూడా అక్కడే జరగాలి. కమాండ్‌లైన్ ప్రోగ్రాంకి యాక్సెప్టెన్స్ టెస్టు అంటే ఇదే. మీ ప్రోగ్రాంకి పళ్లెం ఏది, అంకె కనిపించే తెర ఏది అన్నది ముందు తేల్చుకోవాలి.

లోపలికి వెళ్లేవి: కమాండు వెనకాల ఇచ్చే ఆర్గ్యుమెంట్లు, స్టాండర్డ్ ఇన్‌పుట్, చదివే ఫైళ్లు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాంకి బయట నుంచి అందే అమరికలు), ఏ ఫోల్డర్లో నిలబడి నడిపామన్నది, గడియారం. ఈ చివరి మూడూ ఎవరి కంటికీ కనబడవు కాబట్టే ఎక్కువ ఇబ్బంది పెట్టేది అవే. బయటికి వచ్చేవి: స్టాండర్డ్ అవుట్‌పుట్, స్టాండర్డ్ ఎర్రర్ (తప్పుల సందేశాలు వచ్చే దారి), రాసిన ఫైళ్లు, చివర్లో ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ప్రోగ్రాం ఇచ్చే సంఖ్య). టెస్టు లోపలికి వెళ్లేవన్నీ తన చేతుల్లో పెట్టుకోవాలి, బయటికి వచ్చేవన్నీ చూడాలి. మధ్యలో ఏ ఫంక్షన్ ఎవరిని పిలిచిందన్నది దానికి అనవసరం. అలా ఉంటే రేపు మీరు ప్రోగ్రాంను పూర్తిగా తిరగరాసినా, పైథాన్ వదిలి వేరే భాషలోకి మారినా ఈ టెస్టుల్లో ఒక్క వరుస మారక్కర్లేదు.

ఇక చేతి పని. మీకు పైటెస్ట్ అలవాటే కాబట్టి కొత్త పనిముట్టు నేర్చుకోనక్కర్లేదు. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్లోని రన్ ఫంక్షన్‌తో ప్రోగ్రాంను విడి ప్రాసెస్‌గా నడపండి. మెయిన్ ఫంక్షన్‌ను ఇంపోర్ట్ చేసి పిలవడం ఇక్కడ పనికిరాదు. అలా పిలిస్తే మళ్లీ లోపలి నుంచి చూసినట్టే. మీ సోర్సు ఫోల్డరు నుంచి నడపడం కూడా వద్దు. షాపుకి ఏది పంపుతారో దాన్నే నడపాలి. పైఇన్‌స్టాలర్‌తో ఒక్క ఈఎక్స్‌ఈ (విండోస్‌లో నేరుగా నడిచే ఫైలు) చేసి పంపుతుంటే ఆ ఈఎక్స్‌ఈనే టెస్టుకి ఇవ్వండి. ధరల పట్టిక ఫైలు అందులో కలపడం మరిచిపోతే సోర్సు ఫోల్డర్లో ఎప్పటికీ తెలియదు, అక్కడ ఆ ఫైలు పక్కనే ఉంటుంది కదా. ప్రోగ్రాం ఎక్కడుందో టెస్టులకి ఒక వేరియబుల్ ద్వారా చెప్పండి. ల్యాప్‌టాప్‌లో ఒకదాన్నీ, విడుదలకి ముందు ఈఎక్స్‌ఈనీ, అవే టెస్టులతో పరీక్షించొచ్చు.

అవుట్‌పుట్‌ను బైట్లుగా పట్టుకుని మీరే యూటీఎఫ్-8గా విప్పండి. టెక్స్ట్‌గా ఇమ్మని రన్‌ను అడిగితే, అది కూడా ఆ కంప్యూటర్ కోడ్‌పేజీతోనే విప్పుతుంది. అప్పుడు రెండు తప్పులు ఒకదానికొకటి సరిపోయి టెస్టు పాసయ్యే ప్రమాదం ఉంది.

ఎన్విరాన్‌మెంట్‌ను మీరే కట్టి ఇవ్వండి, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది వారసత్వంగా పోనివ్వొద్దు. విండోస్‌లో సిస్టమ్‌రూట్ అనే వేరియబుల్‌ను మాత్రం ఉంచాలి, అది లేకపోతే పైథానే లేవకపోవచ్చు. ఇక్కడే చాలామంది చేసే ఒక పొరపాటు ఉంది. టెస్టులో తెలుగు రావట్లేదని పైథాన్ యూటీఎఫ్-8 మోడ్ వేరియబుల్‌ను టెస్టు ఎన్విరాన్‌మెంట్లో పెట్టేస్తారు. టెస్టు పాసవుతుంది, షాపులో ఆ వేరియబుల్ ఉండదు, అక్కడ మళ్లీ ఖాళీ కాగితమే. మందు ప్రోగ్రాంకి వెయ్యాలి, మొదట్లోనే స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను యూటీఎఫ్-8కి రీకాన్ఫిగర్ చేయమని రాసి. టెస్టు ఎన్విరాన్‌మెంట్ మాత్రం షాపు కంప్యూటరంత పేదగానే ఉండాలి.

మీరు లినక్స్‌లో పని చేస్తుంటే ఈ తప్పు అక్కడ కనబడదు. లొకేల్‌ను (భాషా అమరికను) సీ అని పెట్టి చూసినా కనబడదు, ఎందుకంటే 3.7 నుంచి పైథాన్ ఆ సందర్భంలో తనంతట తానే యూటీఎఫ్-8కి మారుతుంది. పైథాన్ ఐఓ ఎన్‌కోడింగ్ వేరియబుల్‌ను 1252 కోడ్‌పేజీకి పెట్టి నడిపితే షాపు పరిస్థితి లినక్స్‌లోనూ వస్తుంది.

ప్రతి టెస్టుకీ కొత్త తాత్కాలిక ఫోల్డరు ఇవ్వండి. పైటెస్ట్‌లో టీఎంపీ పాత్ అనే ఫిక్స్‌చర్ (టెస్టుకి ముందే సిద్ధం చేసి ఇచ్చేది) అందుకే ఉంది. ఆ ఫోల్డర్లో ఇంకోటి చేసి దానికి "పలాస తూకాలు" అని, మధ్యలో ఖాళీతో, తెలుగులో పేరు పెట్టి అందులో నిలబడి ప్రోగ్రాం నడపండి. ఖర్చు లేని జాగ్రత్త ఇది. ఖాళీ ఉన్న ఫోల్డరు పేరు దగ్గర తెగిపోయే స్క్రిప్టులు, ఆంగ్లం కాని పేరు దగ్గర పడిపోయే ప్రోగ్రాంలు దీనితోనే చాలావరకు బయటపడతాయి.

ఎగ్జిట్ కోడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మనుషులకి కనిపించేది తెర మీది అక్షరాలు, పక్క ప్రోగ్రాంకి కనిపించేది ఈ ఒక్క సంఖ్యే. 0 అంటే పని అయింది, ఇంకేదైనా అంటే అవలేదు. యూనిక్స్ కుటుంబంలో ఇది ఒక్క బైటే, అంటే 0 నుంచి 255. వచ్చిన తప్పుల సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చే ప్రోగ్రాంలు నేను చూశాను. సరిగ్గా 256 తప్పులు వచ్చిన రోజు అది 0 అయిపోయి అంతా బాగుందంటుంది. ఫైళ్లలో మాట వెతికే గ్రెప్ చూడండి, దొరికితే 0, దొరక్కపోతే 1, ఫైలే తెరవలేకపోతే 2. "లేదు" అనడానికీ "చూడలేకపోయాను" అనడానికీ తేడా చూపించడం గొప్ప మర్యాద. మీ ప్రోగ్రాం కూడా ఆ తేడా చూపించాలి. ఈ రోజు తూకాలేవీ లేకపోవడం తప్పు కాదు. తూకాల ఫైలు లేకపోవడం తప్పు. రెండింటికీ విడివిడి టెస్టులు రాయండి. ఆప్షన్ తప్పుగా ఇస్తే, ఆప్షన్లు చదివే ఆర్గ్‌పార్స్ మాడ్యూలు తనే 2 ఇస్తుంది, పట్టుకోని ఎక్సెప్షన్‌తో పడిపోతే పైథాన్ 1 ఇస్తుంది. లినక్స్ షెల్‌లో 127 వచ్చిందంటే ఆ కమాండే దొరకలేదని, 137 అంటే ఎవరో బలవంతంగా చంపారని అర్థం. చివరి రెండూ చెప్పడానికి కారణం ఉంది. "తప్పు ఇన్‌పుట్ ఇస్తే 0 రాకూడదు" అని మాత్రమే టెస్టు రాస్తే, ప్రోగ్రాం పేరు తప్పు టైపు చేసి 127 వచ్చినా ఆ టెస్టు పాసవుతుంది. ఏ సంఖ్య రావాలో ఖచ్చితంగా రాయండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక సంస్థలో రాత్రి బ్యాకప్ స్క్రిప్టు నాది. డేటాబేస్ డంపు (మొత్తం నకలు) తీసి, పైపులో జీజిప్‌కి ఇచ్చి ఫైలు చేసేది. పాస్‌వర్డ్ మారిన రోజు నుంచి డంపు పడిపోతోంది. పైపు మొత్తానికి వచ్చే ఎగ్జిట్ కోడ్ మాత్రం చివరి కమాండుది. వచ్చిన ఖాళీని జీజిప్ శ్రద్ధగా కుదించి 0 ఇస్తోంది. మూడు వారాలు రోజూ పొద్దున్న "బ్యాకప్ అయింది" అని సందేశం చూసి నమ్మాను. డేటా అవసరమైన రోజున ఆ ఫైళ్లు తెరిచి చూసినప్పుడు నా కడుపులో కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. బాష్‌లో పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండు పడిపోయినా తప్పుగా చూపేది) అనే ఒక్క అమరిక పెడితే పోయేది. అంతకన్నా, డంపుకి తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి స్క్రిప్టు 0 ఇవ్వకూడదని చూసే ఒక్క టెస్టు ఉంటే మొదటి రాత్రే తెలిసేది. అందుకే మీకు చెబుతున్నాను, మీ బ్యాచ్ ఫైలు కూడా ప్రోగ్రాంలో భాగమే. టెస్టు ఆ బ్యాచ్ ఫైలునే నడపాలి, ప్రింటరు స్థానంలో ఫైలుకి కాపీ చేసే చిన్న కమాండు పెట్టి. తూకాల ఫైలు పాడుచేసి ఇచ్చినప్పుడు ప్రింటరుకి ఏమీ వెళ్లకూడదని అందులో ఒక టెస్టు ఉండాలి.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, ఏం పరీక్షించాలో తెలుసుకోవడం. ఒక పూటంతా కాటా దగ్గర నోటుపుస్తకం పెట్టుకుని కూర్చోండి. మీరు ఊహించని మాటలు అక్కడ వినబడతాయి. తరుగు బస్తాకి తీస్తారా, మొత్తం బరువు మీద తీస్తారా? గోనె సంచి బరువు ఎప్పుడు తీసేస్తారు? ఒకే రైతు పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి సరుకు తెస్తే ఒక చీటీయా, రెండా? కలాసీ అంకె తప్పు చెప్పి మళ్లీ సరిచేస్తే పాత వరుసను కొట్టేస్తారా, కింద కొత్త వరుస రాస్తారా? ప్రతి జవాబూ ఒక టెస్టు. దాన్ని వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

ఒక ఉదాహరణ చూడండి. మన ఉద్దానంలో పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన కదా. బస్తా 12,000 అనుకుందాం, ధర లెక్క కోసమే. కిలో 150 పడుతుంది. ఒక రైతు సరుకు తరుగు పోను 44.750 కిలోలు తూగింది. 6,712 రూపాయల 50 పైసలు. దగ్గరి రూపాయికి సవరిస్తే వ్యాపారి లెక్కలో 6,713. పైథాన్ రౌండ్ ఫంక్షన్ మాత్రం 6,712 ఇస్తుంది, ఎందుకంటే అది సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్య వైపు వెళుతుంది. అది తప్పు కాదు, దాని పద్ధతి అది. ఆ రైతుతో వ్యాపారికి ఉన్న ఒప్పందం మాత్రం వేరు. మీ యూనిట్ టెస్టులో కూడా మీరు 6,712 అనే రాసి ఉండొచ్చు, ప్రోగ్రాం ఇచ్చిన జవాబు చూసి. ఏది ఒప్పో చెప్పగలిగేది కాటా దగ్గరి మనిషి. డెసిమల్ మాడ్యూల్ వాడి, సగం వస్తే పైకి అని స్పష్టంగా చెప్పండి.

ఇలాంటివి వ్యాపారి కూడా చదివి "అవును, ఇదే" అనగలిగితే ఎంత బాగుంటుందో. దానికి ఒక దారి ఉంది. టెస్టులను మామూలు వాక్యాల్లో రాయనిచ్చే కుకుంబర్ అనే పనిముట్టు వాడే గెర్కిన్ భాషకి తెలుగు కీలక పదాలున్నాయి. ఫైలు మొదటి వరుసలో భాష తెలుగు అని కోడ్ పెడితే ఇలా రాయొచ్చు:

గుణము: తూకం చీటీ
సన్నివేశం: లెక్కలో అర్ధ రూపాయి వచ్చినప్పుడు
చెప్పబడినది బస్తా ధర 12000 రూపాయలు
మరియు తరుగు పోను బరువు 44.750 కిలోలు
ఈ పరిస్థితిలో చీటీ తీస్తే
అప్పుడు చెల్లించాల్సిన సొమ్ము 6713 రూపాయలు
మరియు ఎగ్జిట్ కోడ్ 0

ఆ కీలక పదాలు కాస్త గ్రాంథికంగా ఉన్న మాట నిజమే. అయినా బడిలో నాలుగు తరగతులు చదివిన మనిషి కూడా ఇది చదివి తప్పు పట్టగలడు. ఒక్కో వరుస వెనకాల దాన్ని నడిపే కోడు మీరు రాయాలి, అది అదనపు పని. వ్యాపారి నిజంగా చదువుతానంటేనే ఆ పని పెట్టుకోండి. చదివేది మీరొక్కరే అయితే మామూలు పైటెస్ట్ చాలు, టెస్టు పేరు మాత్రం మంచిగా పెట్టండి.

తెలుగు పేర్ల విషయంలో మీకు త్వరలో రాబోయే ఇబ్బంది ఒకటి ముందే చెబుతాను. ప్రసాద్ అనే పేరు కొన్ని కీబోర్డుల్లో టైపు చేస్తే చివరి పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం చేరుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొన్నింటిలో చేరదు. రెండూ చూడ్డానికి ఒకటే. ప్రోగ్రాంకి ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒకే రైతు ఖాతా రెండుగా చీలిపోతుంది, అడ్వాన్సు ఒక దాంట్లో, సరుకు ఇంకో దాంట్లో. అలాగే ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు కోడ్ల జంటగానూ రాయొచ్చు. నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని ఎలా రాసినా ఒకే రూపానికి తేవడం) ఈ రెండోదాన్ని సరిచేస్తుంది గానీ ఆ కనిపించని అక్షరాన్ని తీసెయ్యదు, దాన్ని మీరే తీసెయ్యాలి. టెస్టు సులువు. ఒకే పేరును రెండు రకాలుగా రాసిన తూకాల ఫైలు ఇవ్వండి, రెండూ ఒకే రైతు ఖాతాలో పడాలి. ఊళ్ల పేర్లతోనూ చెయ్యండి.

ఎక్సెల్ నుంచి యూటీఎఫ్-8 సీఎస్‌వీగా దాచిన ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టించుకోకపోతే మొదటి కాలం శీర్షిక ఎప్పటికీ సరిపోలదు. వ్యాపారి దగ్గర నుంచి అసలు ఫైళ్లు నాలుగైదు తెచ్చుకుని, రైతుల పేర్లు, ఫోను నంబర్లు మార్చేసి, మిగతాది బైటు కూడా కదపకుండా టెస్టు ఇన్‌పుట్లుగా పెట్టుకోండి. మీరు చేత్తో తయారుచేసిన శుభ్రమైన ఫైలు కన్నా అవి పది రెట్లు విలువైనవి.

అవుట్‌పుట్‌ను ఎలా పోల్చాలి? మొత్తం చీటీని ఒక ఫైల్లో దాచి, ప్రతిసారీ దానితో డిఫ్ (వరుసల తేడా) చూసే పద్ధతి ఉంది. వ్యాపారికిచ్చే చీటీకి అది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ రూపమే మీ వాగ్దానం. ప్రమాదం ఎక్కడంటే, ఏదో మారి పది టెస్టులు పడగానే కొత్త అవుట్‌పుట్‌నే సరైనదిగా ఒక్క కమాండుతో దాచెయ్యడం. మారిన ప్రతి వరుసా కళ్లతో చదవకుండా అలా చెయ్యొద్దు. ఎర్రర్ సందేశాలకి మాత్రం మొత్తం వాక్యం పోల్చొద్దు, రేపు మాట మెరుగుపరిస్తే టెస్టు పడుతుంది. అది స్టాండర్డ్ ఎర్రర్‌లోనే వచ్చిందా, ఏ ఫైల్లో ఏ వరుస తప్పో చెప్పిందా, స్టాండర్డ్ అవుట్‌పుట్ ఖాళీగా ఉందా, అవి చూస్తే చాలు. అవుట్‌పుట్‌లో పైథాన్ ట్రేస్‌బ్యాక్ (ప్రోగ్రాం ఎక్కడ పడిపోయిందో చూపే వరుసలు) కనిపిస్తే ఏ టెస్టయినా ఫెయిలవ్వాలి.

కాలమ్స్ వరసలో నిలబడ్డాయా అన్నది టెస్టుతో తేల్చాలని చూడకండి. శ్రీకాకుళం అనే మాటలో కంటికి కనబడేవి నాలుగు అక్షరాలు, యూనికోడ్ కోడ్ పాయింట్లు 10, యూటీఎఫ్-8లో బైట్లు 30. ఖాళీలు నింపి వరస కుదిర్చే ఫంక్షన్లు ఈ మూడింటిలో ఒకదాన్ని లెక్కపెడతాయి, కాగితం మీద వెడల్పు వీటిలో దేనికీ సమానం కాదు. కాలమ్స్ మధ్య ట్యాబ్ పెట్టండి, లేదా చీటీని హెచ్‌టీఎంఎల్ పట్టికగా తీయండి.

తేదీ ప్రోగ్రాం తనంతట తాను గడియారం నుంచి తీసుకుంటే ఇవాళ పాసైన టెస్టు రేపు పడుతుంది. తేదీ ఇచ్చే ఆప్షన్ పెట్టండి. నిన్నటి చీటీ మళ్లీ తీయమని అడిగే రోజు ఎలాగూ వస్తుంది కాబట్టి అది వ్యాపారికీ పనికొస్తుంది. టెస్టు కోసం పెట్టిన సదుపాయం వాడేవాళ్లకీ ఉపయోగపడటం తరచుగా చూస్తుంటాను.

కరెంటు గురించి పలాస వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో తోటలతో పాటు స్తంభాలూ కూలి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత పెద్దది కాకపోయినా, ఖాతాల ఫైలు రాస్తుండగా కరెంటు పోవడం మామూలు విషయమే. మీ ప్రోగ్రాం ఖాతాల ఫైలును తెరిచి దాని మీదే తిరగరాస్తుంటే, సగంలో ఆగితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. పక్కన తాత్కాలిక ఫైల్లో పూర్తిగా రాసి, ఎఫ్‌సింక్ చేసి (అంటే అది డిస్కుకి నిజంగా చేరేలా చేసి), ఆ తర్వాత ఓఎస్ మాడ్యూల్లోని రీప్లేస్‌తో పాతదాని స్థానంలో పెట్టండి. టెస్టు ఏమిటంటే, పెద్ద ఫైలు ఇచ్చి ప్రోగ్రాం మొదలుపెట్టి, మధ్యలో చంపి, ఖాతాల ఫైలు పూర్తిగా పాతది గానీ పూర్తిగా కొత్తది గానీ అయ్యుండాలని చూడటం. ఎప్పుడు చంపాలన్నది మార్చి మార్చి ఇరవై సార్లు చెయ్యండి. ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోండి. ప్రోగ్రాంను చంపినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ బతికే ఉంటుంది, తన దగ్గరున్నది డిస్కుకి రాస్తుంది. నిజంగా కరెంటు పోతే ఆ అవకాశం ఉండదు. ఎఫ్‌సింక్ మరిచిపోతే ఈ టెస్టు పట్టుకోలేదు, అది మీ కళ్లే పట్టుకోవాలి.

డిస్కు నిండిపోతే? లినక్స్‌లో డెవ్ ఫోల్డర్లో ఫుల్ అనే ప్రత్యేక ఫైలుంది. దానికి ఏం రాసినా "చోటు లేదు" అంటుంది. అవుట్‌పుట్‌ను అందులోకి మళ్లించి, ఎగ్జిట్ కోడ్ 0 రాకూడదని చూడండి. పేరున్న ప్రోగ్రాంలలోనూ ఈ ఒక్క టెస్టుకి పడిపోయేవి ఉన్నాయి.

అదే తూకాల ఫైలు పొరపాటున రెండుసార్లు ఇస్తే రైతుకి రెండుసార్లు జమ కాకూడదు. ఇది పెద్దగా వివరించక్కర్లేదు గానీ రాయడం మాత్రం మరిచిపోవద్దు.

ప్రోగ్రాం మధ్యలో "కొనసాగించాలా" అని అడిగి ఆగుతుంటే ఆటోమేటిక్ టెస్టు అక్కడే ఆగిపోతుంది. 1990 నుంచి ఎక్స్‌పెక్ట్ అనే పనిముట్టు ఇలాంటి సంభాషణలను మనిషి బదులు నడుపుతోంది, పైథాన్‌లో దాని వారసుడు పీఎక్స్‌పెక్ట్. దాని మామూలు పద్ధతి విండోస్‌లో నడవదు కాబట్టి మీకు నా సలహా, అడగకుండా సాగే ఆప్షన్ ఒకటి పెట్టండి. ప్రతి టెస్టుకీ టైమవుట్ (అది దాటితే ఆపేసే గడువు) పెట్టండి, పది సెకన్లు చాలు.

ఎన్ని టెస్టులు? మీ ప్రోగ్రాంకి ముప్పై దాటక్కర్లేదని నా అంచనా. ప్రతి దాంట్లో కొత్త ప్రాసెస్ లేవాలి, అందుకని యూనిట్ టెస్టులంత వేగంగా ఉండవు. తరుగు శాతాల అన్ని కలయికలూ యూనిట్ టెస్టుల్లోనే ఉండనివ్వండి, మీరు రాసిన 64 వృథా కాలేదు. రెండు రకాల టెస్టులనూ గిట్‌హబ్ యాక్షన్స్‌లో (కోడు మారినప్పుడు టెస్టులను తనంతట తానే నడిపే సేవ) ప్రతి మార్పుకీ నడపండి, విండోస్ మెషీన్ మీద తప్పకుండా. షాపులో ఉన్నది అదే కదా.

ఎప్పుడైనా షెల్ స్క్రిప్టులు పరీక్షించాల్సి వస్తే బ్యాట్స్ అనే పనిముట్టు మంచిది. అందులో రన్ అనే సహాయ కమాండు ముందు పెట్టి పైపు రాస్తే, ఆ పైపు రన్‌కి బయట పడుతుందని తెలుసుకోండి, కొత్తవాళ్లందరూ అక్కడ తడబడతారు. క్రామ్ అనేదాంట్లో కమాండు, దాని కింద రావాల్సిన అవుట్‌పుట్ రాస్తే చాలు, అదే టెస్టు. కోడు మార్పుల చరిత్ర దాచే గిట్ ప్రోగ్రాం సోర్సులో టీ అనే ఫోల్డరు తెరిచి చూడండి. చాలావరకు షెల్ స్క్రిప్టులే, గిట్‌ను మనం వాడినట్టే బయట నుంచి వాడి చూస్తాయి. ఒక ఆదివారం అందులో నాలుగు ఫైళ్లు చదివితే నేను ఇక్కడ రాసినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఇవాళ మొదలుపెట్టాల్సింది ఒక్క టెస్టుతో. ప్రోగ్రాంలో ఇంకా ఏమీ సరిచెయ్యకండి. విండోస్ మీద, తెలుగు పేరున్న ఒక్క రైతు తూకంతో, అవుట్‌పుట్‌ను ఫైల్లోకి మళ్లించి బ్యాచ్ ఫైలును నడిపే టెస్టు రాయండి. అది ఫెయిలవ్వాలి. ఆ రోజు షాపులో జరిగినదే మీ కళ్ల ముందు మళ్లీ జరగాలి. ఫెయిలవ్వకపోతే ఎన్‌కోడింగ్ గురించి నేను చెప్పిన కారణం మీ విషయంలో తప్పని అర్థం. అప్పుడు ఎర్రర్ మొత్తం ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం. ఫెయిలైతే సరిచేసి, పాసయ్యాక, ఆ టెస్టును వ్యాపారికి చూపించండి. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు అదే కాబట్టి ఆయనకి చూసే హక్కుంది.